కొత్తవి ముందా, వెనకా

పాత ఇనుము కొనే మనిషి పోయిన నెల మా ఇంటికి వచ్చాడు, వెనక రేకుల షెడ్డులో ఉన్న బాపు కారును తీసుకుపోవడానికి. దాన్ని కారు అనడం ఇప్పుడు మర్యాదకే. తెల్ల రంగు ఎక్కడుందో వెతుక్కోవాలి, అద్దాల మీద బొగ్గు దుమ్ము అట్టకట్టింది, వెనక సీటులో పిల్లి రెండుసార్లు ఈనింది. చక్రాలు నేలకు తగలకుండా నాలుగు కొయ్యదుంగల మీద నిలబడి ఉంది. ఆ దుంగలు బాపు పెట్టినవే. కదలకుండా ఒకేచోట బరువు మోస్తే టైర్లు పాడవుతాయని, తను పోయే ముందటి ఏడు, దగ్గుకుంటూనే జాకీ పెట్టి ఒక్కో మూలా లేపి, దుంగ దూర్చి, దాన్ని సుత్తితో రెండుసార్లు కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఇక ఎవరూ తోలని బండికి ఇంత సేవ దేనికని నేను విసుక్కున్నాను. విసుక్కోవడం నాకు అప్పటికే అలవాటు. ఇప్పుడైతే అదే నా స్వభావమని మా బడిలో పిల్లలు కూడా చెబుతారు.

ఆ మనిషి చుట్టూ తిరిగి చూసి, "అక్కా, ఎనుక రెండు టైర్లు జెర మంచిగనే ఉన్నయి. ముంగటియి మాత్రం దేనికీ పనికిరావు," అన్నాడు. నాకు ఆ మాట తేడాగా వినిపించింది. వంగి చూశాను. వెనక ఎడమ టైరు మీద దుమ్ము తుడిస్తే, తెల్ల పెయింటుతో వేసిన చిన్న కూడిక గుర్తు కనిపించింది. కుడి టైరు మీదా అదే. ముందు రెండూ తుడిచాను, వాటి మీద ఏమీ లేదు. ఆ గుర్తులున్న టైర్లు ముందు చక్రాలకు ఉండాలి. కొత్తవి కొన్నప్పుడు వాటిని ముందు వేయించింది మేమే. అలా వేయించినందుకే మా అమ్మ ఇరవై ఏళ్ళుగా కాలు ఈడ్చి నడుస్తోంది. ఆ నేరం మా అన్న మీద పడింది. బాపుకు అసలు సంగతి తెలియదనే, తెలియకుండానే పోయాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మరి ఆ టైర్లు వెనక్కి ఎప్పుడు వెళ్ళాయి, ఎవరు మార్చారు? షెడ్డులో నేల మీదే కూర్చుండిపోయాను. ఆ మనిషిని మళ్ళీ రమ్మని పంపేశాను.

బాపు టింబర్‌మన్. గోదావరిఖనిలో ఈ మాట ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు గానీ, ఇప్పటి పిల్లలకు చెప్పాలేమో. భూమి కింద బొగ్గు తీసిన చోట పైకప్పు మీద పడకుండా కొయ్యదుంగలు నిలబెట్టే పని ఆయనది. బొగ్గు తవ్వుకుంటూ మనుషులు ముందుకు పోతుంటారు, వాళ్ళతోపాటు దుంగలూ ముందుకు పోవాలి. కొత్త దుంగ ఎప్పుడూ మనుషులున్న చోట, ముందు. పాతవి వెనక. వెనక కప్పు కూలినా ఫికర్ లేదు, అక్కడ ఎవరూ ఉండరు. కొత్త దుంగ వేసిన రోజు దాని మీద సుద్దతో కూడిక గుర్తు పెట్టేవాడు. మేం చర్చికి పోయేవాళ్ళం కనుక చిన్నప్పుడు దాన్ని సిలువ అనుకున్నాను. అడిగితే నవ్వాడు. "ఏసయ్య గుర్తు గాదు బిడ్డా. ఇయ్యాల ఏసిన దుంగ అని అందరికి తెల్వాలె గద, అందుకు," అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో అలాగే ఉండేవాడు. ఏ వస్తువునైనా వేలి కణుపుతో కొట్టి వినేవాడు. సంతలో కుండ, పుచ్చకాయ సరే, అందరూ కొడతారు. ఆయన కొత్త తలుపునూ, చర్చి గోడనూ, చుట్టాలింటి మంచం కోడునూ కొట్టేవాడు. బోలుగా మోగితే ఆ దరిదాపుల్లో కూర్చునేవాడు కాదు. మొదటి షిఫ్టుకు పోయే రోజుల్లో అమ్మ చీకటితో లేచి వాకిట్లో బొగ్గుపొయ్యి రాజేసేది. ఆ పచ్చి పొగ వాసన, దాని మీద కాగే నీళ్ళ డేగిసా, టిఫిను డబ్బాలో వెల్లుల్లి కారం, సైరను కూత, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. డ్యూటీ నుంచి వచ్చాక ఎర్ర సబ్బుతో ఎంత రుద్దుకున్నా కనురెప్పల అంచున కాటుకలా బొగ్గు మిగిలేది. ఆ కళ్ళతోనే అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేసేవాడు. ఆ వాసనలేవీ ఇప్పుడు మా కాలనీలో లేవు. గ్యాసు పొయ్యిలొచ్చాయి, గుట్టల్లా మట్టి పోసిన ఓపెన్‌కాస్టు గనులొచ్చాయి, అక్కడి బండ్ల టైర్లు మనిషికంటే ఎత్తు. కొయ్యదుంగ నిలబెట్టేవాళ్ళ అవసరం ఎవరికీ లేదు.

రిటైరయ్యాక బాపుకు చెప్పుకోలేని జబ్బొకటి పట్టుకుంది. ఆయన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్ళు మేనేజరు కూడా ఆయన దుంగ కొట్టి తల ఊపాకే లోపలికి అడుగు పెట్టేవాడట. ఇంట్లో ఉప్పు తక్కువైందన్నా వినేవాళ్ళు లేరు. అన్నకు బాయిలో ఉద్యోగం రాలేదు. ఇవాళో రేపో అంటూ ఏళ్ళు గడిచాయి. చివరికి బాపు తన రిటైర్మెంటులో కొంత పెట్టి ఒక పాత మారుతి కొన్నాడు, కిరాయిలకు తోలుకుంటూ అన్న బతుకుతాడని. అన్న బాగా తోలేవాడు. బాపు పక్కన కూర్చుని ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు: "ముంగట చూసి తోలురా." అన్న ముందు కాక ఇంకెక్కడో చూస్తున్నట్టు.

ఆ కారు ముందు టైర్లు ఒక ఎండాకాలంలో నున్నగా గుండయిపోయాయి, ఒకదానికి తీగలు కూడా బయటపడ్డాయి. వెనకవీ సగానికి పైగా అరిగాయి గానీ ఇంకా పనికొస్తాయి. రెండే కొందామనుకున్నాం. చౌరస్తా అవతల సలీం భాయ్ టైర్ల కొట్టు ఉండేది. ఆ రోజు అన్న కారును పొద్దున్నే అక్కడ వదిలి, అమ్మను చర్చి నుంచి తీసుకొచ్చే పని మీద పోతూ, నన్ను పక్కకు పిలిచాడు. నేనప్పుడు బీఎడ్ చదువుతున్నాను, ఇంట్లో నా మాటకు కాస్త విలువ ఉండేది. "చెల్లె, సలీం భాయ్ చెప్పిండు, కొత్తయి ఎనుక ఏసి, ఎనుకయి ముంగటికి తేవాలెనట. బాపు వద్దంటడు. నువ్వు జెర చెప్పు. నువ్వు చెప్తే ఇంటడు," అన్నాడు. సరేనన్నాను.

బాపు వద్దన్నాడు. సలీం భాయ్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, వెనక టైరు గాడిలో అగ్గిపుల్ల పెట్టి చూపించాడు. పుల్ల తల కూడా మునగలేదు. "చూడు కాకా, గీ గాడిలకెల్లే నీళ్ళు పోవాలె. వానల ముంగటి టైరు జారితే స్టీరింగు చేతిల ఉంటది, కాలు తీస్తే బండి సర్దుకుంటది. ఎనుకది జారితే మాత్రం బండి నీ మాట ఇనదు, గిర్రున తిరుగుతది," అన్నాడు. బాపు టైరును కణుపుతో కొట్టి విన్నాడు. "ఇంజను ముంగట, స్టీరింగు ముంగట, దెబ్బ తాకేది ముంగట. ముప్పై ఏండ్లు బాయిల దుంగలేసిన నేను. కొత్తది ముంగట, పాతది ఎనుక. ఎనుకకు ఏమైతది?" అన్నాడు. సలీం భాయ్ అగ్గిపుల్ల పారేసి, మెల్లగా అన్నాడు: "బాయిల ఎనుక ఎవ్వరుండరు కాకా. కార్ల ఎనుక నీ ఇంటామె కూసుంటది."

బాపు కింది పెదవి ముడుచుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని అమ్మ ఊరికే అనలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు టీచరమ్మా, నువ్వు ఎట్లంటె అట్ల," అన్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కొట్టులో నలుగురున్నారు, ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకుంటున్నాడు, ఎన్నాళ్ళకో ఒక పని ఆయన చెప్పినట్టు జరగబోతోంది. సలీం భాయ్ మాటే సబబని నాకు తెలుసు. అన్నకు మాటిచ్చాను కూడా. కానీ బాపును ఒక్కసారి గెలవనిద్దామనిపించింది. టైర్లే కదా, వచ్చే వారం మార్చుకోవచ్చు కదా అనుకున్నాను. "బాపు చెప్పినట్లే ఏయి భాయ్," అన్నాను. బాపు నవ్వి, పక్క కొట్టులోంచి ఇంత తెల్ల పెయింటు అడిగి తెచ్చి, కొత్త టైర్లు రెండింటి మీదా తన గుర్తు వేశాడు. తిరిగొచ్చిన అన్న కారు చుట్టూ తిరిగి, ముందు చక్రాలు చూసి, నన్ను చూశాడు. వచ్చే వారం కిరాయిలు వచ్చాయి, ఆ పై వారమూ వచ్చాయి, టైర్లు అలాగే ఉండిపోయాయి.

తొలి వానలకు రామకృష్ణాపూర్‌లో మా చిన్నమ్మ మనవడి నామకరణానికి బయల్దేరాం. ముందు అన్న, బాపు. వెనక ఎడమ పక్క అమ్మ, కుడి పక్క నేను. గోదావరి బ్రిడ్జి మీద అమ్మ ఎప్పటిలాగే నీళ్ళు చూసి కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది. ఇందారం దాటాక వాన పెరిగింది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద తొలి వాన పడితే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు తెలుసు. దుమ్మంతా నల్లటి జిగట బురద అవుతుంది. అన్న జోరుగా పోలేదు. ఈ మాట నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను, చెప్పాల్సిన చోట మాత్రం చెప్పలేదు. మలుపు దగ్గర ఎదురుగా లారీ కనిపిస్తే కొంచెం కాలు తీశాడు, అంతే. వెనక కూర్చున్న నాకు మొదట తెలిసింది. నా కింద సీటు పక్కకు పోతోంది. "ఎనుక పోతున్నది బాపూ," అన్నాడు అన్న, అరవను కూడా లేదు. కారు సగం తిరిగి, రోడ్డు దిగి, ఎడమ వెనక మూల పోయి కల్వర్టు గోడకు కొట్టుకుంది. అమ్మ కూర్చున్న వైపు. ముందున్న ఇద్దరికి గీత కూడా పడలేదు. బాపు వానలో దిగి, అమ్మ మూలుగుతుంటే తలుపు లాగుతూ, ఒక్క క్షణం ముందు చక్రం వైపు చూశాడు. "ముంగటియి కొత్తయే గదరా," అన్నాడు, ఎవరినో అడుగుతున్నట్టు.

అమ్మ తుంటి ఎముక విరిగింది. కరీంనగర్ దవాఖానలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. కాలు అంగుళం పొట్టయింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు వరండాలో నిలబడి ఎట్లయింది, ఎట్లయింది అని అడిగారు. అడగడం వాళ్ళ హక్కు కదా. బాపు గోడ వైపు చూస్తూ, "పిలగాడు జెర జోరు తోలిండు," అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, చేతిలో పాల గ్లాసుతో. అన్న నా వైపు చూశాడు. నేనొక్క మాట అంటే సరిపోయేది: జోరు కాదు, టైర్లు అట్ల ఏపిచ్చింది నేను. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చిందని తెలుసు, ఆ గోరు నాదేనని కూడా తెలుసు. గ్లాసు అమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆ తర్వాత అన్న స్టీరింగు ముట్టుకోలేదు. బాపే ముట్టనివ్వలేదని నేను అనుకున్నాను, ఎవర్నీ అడగలేదు. కొన్నాళ్ళు గల్లీలో ఒక డ్రైవరును పిలిచి అమ్మను చెకప్పులకు తిప్పాం. తర్వాత కారు షెడ్డు చేరింది. జైపూర్ దగ్గర కరెంటు ప్లాంటు కట్టడం మొదలయ్యాక అన్న కాంట్రాక్టు పనిలో చేరి, అక్కడే కాపురం పెట్టాడు. బాపు తెలంగాణ వచ్చిన ఏడు పోయాడు. టీవీలో పటాకులు చూస్తూ, "మంచిదే," అని అటు తిరిగి పడుకున్నాడు. పండుగలకు అన్న వస్తాడు, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంటాడు, అన్నం తిని పోతాడు. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అతనికి నా మీద కోపమని, అది న్యాయమేనని సర్దుకున్నాను. ఇన్నేళ్ళు సర్దుకోవడంలోనే నా ఓపికంతా అయిపోయింది.

షెడ్డులో ఆ గుర్తులు చూసిన వారానికే నా కారుకు రెండు టైర్లు మార్చాల్సి వచ్చింది. సలీం భాయ్ కొట్టు రోడ్డు వెడల్పులో పోయింది, ఆయన బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. ఇప్పుడక్కడికి కాస్త దూరంలో అద్దాల షాపు ఉంది, లోపల ఏసీ, కూర్చోవడానికి సోఫా. షాపతను నన్నేమీ అడగకుండానే నాలుగు చక్రాలూ విప్పి, కొత్తవి వెనక వేసి, వెనకవి ముందుకు తెచ్చి, మిషను మీద తూకం చూసి బిగించాడు. ఎందుకలా అంటే, "గంతే మేడం, రూలు," అన్నాడు. అరగంటలో పని అయిపోయింది. ఎవరూ ఎవరితో వాదించలేదు, ఎవరి అనుభవమూ ఎవరికీ అక్కర్లేకపోయింది. మంచిదే. కానీ ఆ సోఫాలో కూర్చోలేకపోయాను. బయటికొచ్చి అన్నకు ఫోను చేశాను.

"అన్నా, బాపు కారు టైర్లు ఎవరు మార్చిండ్రు? కొత్తయి ఎనుక ఉన్నయి."

అతని వెనక ప్లాంటు చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మను కరీంనగర్ నుంచి తెచ్చే ముందటి రోజు," అన్నాడు. "నువ్వు దవాఖానల అమ్మ కాడ ఉన్నవు. కారు అప్పుడే రిపేరయి ఇంటికొచ్చింది. పొద్దుగాల్నే బాపు నన్ను లేపి జాకీ పట్టుమన్నడు. నాలుగు చక్రాలు ఇప్పినం. కొత్తయి ఎనుకకు, పాతయి ముంగటికి. ఒక్క మాట మాట్లాడలే. నట్లు బిగిచ్చి, కొట్టి చూసి, తాళంచేయి తెచ్చి నా చేతిల పెట్టిండు."

"మరి నువ్వెందుకు తోలలే?"

"నాకే చేతులు ఆడలే. బాపు వద్దనలే చెల్లె. నేనే వద్దన్న."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఇంకొకరి విషయంలో అయితే అనేదాన్ని. ఆ పొద్దు వాకిట్లో బాపు నట్లు బిగిస్తూ ఎలా ఉండి ఉంటాడో ఊహించుకుంటే నాకు ఏడుపు వచ్చింది. చుట్టాల ముందు చెప్పిన మాటను ఆయన నోటితో వెనక్కి తీసుకోలేదు. అది తప్పే. కానీ ముప్పై ఏళ్ళ బాయి చదువును తన చేతులతోనే విప్పి వెనక్కి బిగించాడు. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అని అడిగాను.

"నువ్వడిగితే గద," అన్నాడు అన్న. గొంతులో కోపం లేదు, అలసట ఉంది, నా గొంతులో ఉండేలాంటిదే. "కొట్టుల నువ్వేమన్నవో సలీం భాయ్ నాకు అప్పుడే చెప్పిండు. తప్పు ఎవరన్న చేస్తరు. బాపు నోటితోని చెప్పలే గని చేతులతోని చెప్పిండు. నువ్వే, గా దవాఖాన కాడి నుంచి ఇయ్యాల్టి దాక నా మొకం దిక్కు సక్కగ చూస్తలేవు."

రోడ్డు మీద నిలబడి, పోయే వచ్చే షేర్ ఆటోల మధ్య, ఇరవై ఏళ్ళ కింద అనాల్సిన మాట అన్నాను. "తప్పు నాదే అన్నా. నువ్వు చెప్పి పంపినా నేనే అట్ల ఏపిచ్చిన. అందరి ముంగట నోరు మూస్కున్న." అతను ఊఁ అన్నాడు. తర్వాత, "నీ బండికి కొత్తయి యాడ ఏసిండ్రు?" అని అడిగాడు. ఎనుక అన్నాను. "మంచిగైంది. ఐతారం వస్త," అని పెట్టేశాడు.

ఆదివారం బస్సులో వచ్చాడు. అమ్మను వాళ్ళింట్లో నాలుగు రోజులు ఉంచుకుంటానన్నాడు, జైపూర్ దాకా నన్నే దింపమన్నాడు. అమ్మను వెనక ఎడమ పక్క కూర్చోబెట్టి, కాలు చాపుకునేలా ముందు సీటు జరిపాను. అన్న కోసం ముందు తలుపు తీసి నిలబడ్డాను. అతను ఆ తలుపు మూసి, వెనక అమ్మ పక్కన కూర్చున్నాడు. బ్రిడ్జి మీద అమ్మ కళ్ళు మూసుకుని గొణుక్కుంది. ఇందారం దాటాక సన్నగా తుంపర మొదలైంది, రోడ్డు అప్పటికే నల్లగా మెరుస్తోంది. మలుపు వస్తోందనగా వేగం తగ్గించాను. పైకి చూసి అద్దం సర్దుకున్నాను. అందులో అన్న ముఖం నిండుగా కనిపించింది. తల నెరిసింది, కనురెప్పల కింద బాపుకున్నట్టే నల్లగా ఉంది. చూస్తూ ఉండిపోయాను.

"నన్నేం చూస్తవు," అన్నాడు అన్న వెనక నుంచి. "ముంగట చూసి తోలు."